చేపలు తీసి పాలు పెట్టినం

శామీర్‌పేట, బుధవారం

అమ్మా, ఫోన్ల నీకు సరిగ ఇనవడదని కార్డు రాస్తున్న. చెల్లెతోని చదివించుకో.

దవాఖానల పాల బ్యాంకుకు నా పాలిస్తున్నని తెలిసి, పిల్లగాడు ఎండిపోతడని పరేషానైతున్నవట. చింటు కడుపునిండ తాగినంక మిగిలినవే పిండి ఇస్తున్న. నిన్న తూకమేస్తే ఆరున్నర కిలోలున్నడు.

మొదలు మా అత్త సుత నీ లెక్కనే వద్దన్నది. నర్సమ్మ ఆమెను దవాఖానల పసిపిల్లల అర్ర అద్దాల కిటికి కాడ నిలవెట్టి, నెలలు నిండక ముందే పుట్టిన ఆడపిల్లను చూపించింది. తల్లికి పాలు పడలేదట. ఇంటికొచ్చినంక అత్త అమ్మనీకి పెట్టుకున్న చేపలన్ని ఫ్రిజ్జులకెళ్లి తీసేసి, ఫ్రిజ్జును సబ్బు వెట్టి కడిగి, "ఇగ గిండ్ల నీ పాల సీసలే" అన్నది.

మొన్న ఇద్దరం ఐసుపెట్టెల సీసలు వెట్టుకొని దవాఖానకు ఆటోల పోయినం. "గా పిల్ల మా కోడలి పాలే తాగుతాందా?" అని అత్త అడిగింది.

"అందరివి కలిపి, వేడిజేసి, పరీక్షజేసి ఇస్తమమ్మా. ఎవరివని చెప్పలేం" అన్నది నర్సమ్మ.

"పేరెందుకు బిడ్డా, తాగుతాందా లేదా?"

"మంచిగ తాగుతాంది. రేపు ఇంటికి పోతాంది."

అత్త ఆమె రెండు చేతులు పట్టుకొని ఒక్కతీరుగ నవ్వింది. కండ్లల్ల నీళ్లు గూడ వచ్చినయి.

నాయిన మోకాలు నొప్పి తగ్గిందా? మక్కలు కోసిండ్రా? వచ్చేటోళ్లతోని ఎల్లిపాయలు, రెండు మెత్తటి పాత చీరెలు పంపు.

నీ మనుమడు ఒళ్లె కూసొని పెన్ను గుంజుతాండు. కింద వంకర గీత వానిదే. మీ ఇద్దరికి వాడు వెట్టిన దండమనుకోండ్రి.

నీ బిడ్డ వినోద