ఆకు రాల్చిన ఏడాది

గుడివాడ,
మార్చి 24

ప్రియమైన శ్యాంబాబు అన్నయ్యకు,

వందనాలు అని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. ఫోన్లో అయితే నోరు జారతాను, అందుకే కాగితం పట్టుకున్నాను. అమ్మను సమాధి చేసి పదిహేను రోజులైంది. ఆ మిట్టమధ్యాహ్నం పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు మూసుకోలేదు. నాన్న సమాధి పక్కన నరికేసిన చెట్టు మొదలునే చూస్తూ నిలబడ్డాను.

ఆరేళ్ళ క్రితం, మే నెలలో, నాన్న భూస్థాపనలో అమ్మ ఎండకి సొమ్మసిల్లి పడిపోయింది. గుర్తుందా? "నన్ను తీసుకొచ్చే రోజున మాత్రం మీరెవరూ ఎండలో నిలబడకూడదే, ఏదైనా మంచి చెట్టు చూడు" అని నన్నడిగింది. మన బంటుమిల్లి సమాధుల తోటలో వానాకాలం రెండు నెలలు నీళ్ళు నిలుస్తాయి. వేసిన రెండు వేపమొక్కలూ వేరు కుళ్ళి పోయాయి. కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పేదాన్ని కదా, నర్సరీలన్నీ తిరిగి మెక్సికో సైప్రస్ తెచ్చాను. దాని వేరు నీళ్ళలో కుళ్ళదు, త్వరగా ఎదుగుతుంది, బాగా నీడనిస్తుంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని క్రిస్మస్ చెట్టన్నారు. అమ్మ ప్రతి వేసవీ బిందెలతో నీళ్ళు మోసింది.

అలాంటిదాన్ని నరికించావు. అడిగితే "ఎండిపోయింది" అని ఒక్క ముక్క అన్నావు. అది చావలేదన్నయ్యా. చలి ముదిరిన ఏడాది, నీరు తగ్గిన ఏడాది అది ఆకంతా రాలుస్తుంది. వేసవి వచ్చేసరికి మళ్ళీ చిగురిస్తుంది. మిగతా ఏళ్ళు పచ్చగానే ఉంటుంది. నన్నొక్క మాట అడిగితే నీ సంఘపెద్ద హోదా తగ్గిపోయేదా? ఈస్టరుకి వచ్చేవాళ్ళ ముందు ఎండిన చెట్టుంటే నామోషీ అనుకున్నావేమో. అమ్మ మనల్ని అడిగింది అదొక్కటే. ఈస్టరుకే కాదు, ఇక ఎప్పుడూ నేను ఆ తోటకి రాను.

నీ చెల్లెలు,
కృపాకుమారి

*

బంటుమిల్లి,
మార్చి 30

కృపమ్మా,

నరికించింది అమ్మ. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది, అందుకే ఆ రోజు నోరు మూసుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఇక మూసుకోలేను.

జనవరిలో ఆకు ఎర్రబడింది. అప్పటికే అమ్మకి ఆయాసం, బిందె ఎత్తలేకపోయేది. నీళ్ళు పొయ్యక తనే చంపేశానని కుమిలిపోయింది. నీకు ఫోన్ చేసింది, నేను పక్కనే ఉన్నాను. "కృపా, చెట్టు ఎర్రబడిపోయిందే" అంటే, "పేపర్లు దిద్దుతున్నానమ్మా, మళ్ళీ చేస్తాను" అన్నావు. చెయ్యలేదు. ఫిబ్రవరికి చెట్టు పూర్తిగా బోసిపోయింది. "పిల్ల ఎంతో ప్రేమగా తెచ్చిందిరా. ఇలా చూస్తే బాధపడుద్ది. అది వచ్చేలోపు కొట్టించెయ్" అంది. మన సమాధుల తోట కాపలాదారు భూషణం గొడ్డలి వేస్తుంటే ఆటోలో కూర్చుని చివరిదాకా చూసింది. వారానికి మంచం పట్టింది. పోయే ముందు రోజు కూడా "చెట్టుని చంపేశాన్రా" అనే అంది.

నిన్న తోటకి వెళ్ళాను. మొదలు చుట్టూ చిగుళ్ళు వచ్చాయి. నువ్వు రాసింది నిజమే. నాకింత వివరంగా రాశావే, ఇందులో ఒక్క వాక్యం ఆ రోజు అమ్మకి చెప్పి ఉంటే ప్రశాంతంగా పోయేది.

ఆ చిగుళ్ళకి ఒక బిందె నీళ్ళు పోసి వచ్చాను. వాటిని చూస్తే అమ్మ అన్న మాటే వినిపిస్తోంది, మళ్ళీ పొయ్యడానికి నాకు మనసొప్పడం లేదు. నువ్వొచ్చి పొయ్యి.

నీ అన్నయ్య,
శ్యాంబాబు