ఐసుపెట్టెలో వచ్చిన ప్రశ్నలు

అమలాపురం,
సోమవారం

తబిత సిస్టర్ గారికి,

నమస్కారమండి. నా పేరు వీరవేణి. మీ దగ్గర గాజుపెట్టెలో ఉన్న పాప తల్లిని. రోజూ నా పాలు తెచ్చే యుగంధర్ మా ఆయన. మీ పేరు ఆయనే చెప్పాడు.

బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, ఏడో నెలలోనే ఆపరేషన్ చేశారు నాకు. తెలివి వచ్చేసరికి పాపని అంబులెన్సులో రాజమండ్రి పంపేశామన్నారు. నేనింకా ఇక్కడి ఆస్పత్రిలోనే ఉన్నాను. మంచం దిగితే కళ్లు తిరుగుతున్నాయి.

పాపని నేను చూడలేదండి. ఫొటో తెమ్మంటే లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరంటాడు ఈయన. నా ఫోనేమో, చూస్తే బీపీ పెరుగుతుందని మా అత్తగారు దాచేశారు. పాప ఎలా ఉందంటే బాగుంది అంటారు ఇద్దరూ. ఆ మాట దాటి ఒక్క ముక్క రాదు. అందుకే ఈ కాగితం కవర్లో చుట్టి పాలసీసా పక్కన పెడుతున్నాను. ఐసుపెట్టె మేం రొయ్యలకి వాడేది. బాగా కడిగాం, వాసన వస్తే ఏమనుకోకండి.

పాప చెవులు ఎలా ఉన్నాయి? పాలెలా తాగుతోంది? నా పాలు నిజంగా దానికే పడుతున్నారా? ముట్టుకుంటే ఏం చేస్తుంది? వీలుంటే రెండు ముక్కలు రాయండి.

ఇట్లు,
వీరవేణి

---

రాజమండ్రి,
మంగళవారం

ప్రియమైన వీరవేణికి,

నీ కాగితం తడవలేదమ్మా. వాసనా రాలేదు. అందరూ బరువెంత అనే అడుగుతారు. చెవుల గురించి అడిగిన తల్లివి నువ్వే.

ఇంత ముందు పుట్టిన పిల్లల చెవులు లేత తమలపాకుల్లా ఉంటాయి. మడత పడితే అలాగే ఉండిపోతాయి. అందుకే పాపని పక్కకి తిప్పిన ప్రతిసారీ చెవి సరిచేసి పడుకోబెడతాను.

పాలు తాగడం ఇంకా రాదు. నోట్లోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశాం. సిరంజిలో నీ పాలు పోసి పైకెత్తి పట్టుకుంటాను. తోయకూడదు, వాటంతట అవే దిగాలి. సీసా మీద, పాప కాలికి కట్టిన పట్టీ మీద ఒకటే పేరుంటుంది, 'వీరవేణి బేబీ' అని. ఇద్దరు నర్సులం చదివి సరిచూసుకున్నాకే పోస్తాం. ముందుగా ఒక్క చుక్క దూదిపుల్లతో నోట్లో రాస్తాను. నాలుక చప్పరిస్తుంది.

ముట్టుకుంటే అంటావా, నిమరకూడదు. నిమిరితే చిరాకుపడి కాళ్లూ చేతులూ విసురుతుంది. ఒక అరచెయ్యి తల మీద, ఇంకొకటి పాదాల కింద కదపకుండా ఉంచితే మెల్లగా ముడుచుకుంటుంది. బరువు చూడటం, డైపరు మార్చడం, పాలు పోయడం అన్నీ ఒకేసారి చేసేసి తలుపు మూసేస్తాం. మళ్లీ వేళయ్యేదాకా కదిలించం. ఈ పిల్లలు నిద్రలోనే పెరుగుతారు. ప్రస్తుతం కామెర్లకి నీలం లైటు కింద ఉంది, కళ్లకి మెత్తటి పట్టీ కట్టాం.

ఫోన్ల సంగతి నిజమే. లోపల మాకూ ఫోన్లుండవు.

నీ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్న
తబిత

---

అమలాపురం,
బుధవారం

ప్రియమైన తబితక్కకి,

అక్కా అనొచ్చా? మీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఆ కళ్ల పట్టీ ఎప్పుడు కట్టారు? మధ్యలో విప్పుతారా? నిన్న మా ఆయన, పాప కళ్లు తెరిచి తన వంకే చూసిందన్నాడు. మీ ఉత్తరం చదివాక మళ్లీ అడిగితే, "ఏమో, అలా అనిపించిందే" అని వరండాలోకి వెళ్లిపోయాడు.

ఇంకో సంగతి. పక్క పెట్టెలో కూడా ఆడపిల్లే అన్నాడు. కాలి పట్టీ చూడకుండా మీరు మా పాపని గుర్తుపట్టగలరా? ఏడుస్తుందా? ఏడిస్తే ఎలా ఉంటుంది?

పాప మాట ఎత్తితే మా అత్తగారు నీళ్లు తెస్తానని లేచి వెళ్లిపోతోంది. కూజాలో నీళ్లుంటాయి.

మీ
వీరవేణి

---

రాజమండ్రి,
గురువారం

ప్రియమైన వీరవేణికి,

అక్కా అనే పిలువు. మా ఇంట్లో నేనే చిన్నదాన్ని, అలా పిలిచేవాళ్లు లేరు.

లైటు పెట్టినప్పటి నుంచీ పట్టీ ఉంది. పాలు పోసేటప్పుడు లైటు ఆపి విప్పుతాం. మీ ఆయన వచ్చే వేళకి కట్టే ఉంటుంది. నీ మనసు కుదుటపడాలని అలా అని ఉంటాడు, కోప్పడకు.

గుర్తుపట్టగలను. మీ పాప ఎడమ పిడికిలి బుగ్గకి ఆనించుకోకపోతే నిద్రపోదు. పక్క పాప చేతులు బార్లా చాపేస్తుంది. ఏడుపు పిల్లికూన మూలిగినట్టుంటుంది, గాజుతలుపు తీస్తేనే వినిపిస్తుంది. మడమలో సూది గుచ్చి చుక్క రక్తం తీసినప్పుడు ఏడుస్తుంది. అప్పుడు గుడ్డలో చుట్టి దగ్గరగా పట్టుకుంటాను.

ఇంకేమైనా అడుగు. నీ ప్రశ్నల వల్ల నేనూ పాపని మళ్లీ కొత్తగా చూస్తున్నాను.

తబితక్క

---

రాజమండ్రి,
ఆదివారం

ప్రియమైన వీరవేణికి,

శుక్రవారం నుంచి నీ దగ్గర్నుంచి కాగితం లేదు, పాలూ లేవు. పాలు పడటం లేదంటోందని యుగంధర్ చెప్పాడు. వేరే తల్లులు దానమిచ్చిన పాలతో నడిపిస్తున్నాం.

ఒక సంగతి రాయాలి. రాయొద్దని మీ ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు. "తట్టుకోలేదు సిస్టర్, మళ్లీ ఫిట్స్ వస్తే ఎలాగండి" అన్నాడు. నాకూ భయమే. మా డాక్టరమ్మగారిని అడిగాను. ఆవిడ మీ ఆస్పత్రి డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడి, "తల్లికి తెలియాలి, రాయి" అన్నారు. ఈ కాగితం నీకు చేర్చమని మీ ఆయనకీ ఆవిడే నచ్చజెప్పారు.

పాప ఊపిరి తీసుకోవడం మరిచిపోతోంది. నెలలు నిండని పిల్లలకి ఇది మామూలే, మెదడుకి ఇంకా అలవాటు కాలేదు. మానిటర్ మోగగానే అరికాలి మీద వేలితో మీటుతాను. ఉలిక్కిపడి మళ్లీ తీసుకుంటుంది. కానీ నిన్న మీటినా తీసుకోలేదు. మాస్కు పెట్టి గాలి అందించాల్సి వచ్చింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని పరీక్షకి పంపి మందు మొదలుపెట్టారు. ఏమవుతుందో నాకు తెలియదు. బాగుంది అని మాత్రం రాయలేను.

ఇవాళ పొద్దున్న కాస్త నయంగా ఉంది. నన్ను తిట్టుకున్నా సరే, జవాబు రాయి.

తబితక్క

---

రాజమండ్రి,
తల్లుల గది

ప్రియమైన తబితక్కకి,

నిన్న నేనొచ్చేసరికి మీరు సెలవు పెట్టి ఊరెళ్లారన్నారు. ఈ కాగితం మీ చేతికివ్వమని ఇక్కడి సిస్టర్‌కి ఇస్తున్నాను.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. రెండేళ్ల కిందట మాకు బాబు పుట్టాడు. పుట్టిన పూటే పోయాడు. నేను నీరసంగా ఉన్నానని వారం దాకా చెప్పలేదు. గాజుపెట్టెలో ఉన్నాడు, బాగున్నాడు అనేవారు. నేను పాలు పిండి ఇస్తే మా అత్తగారు గ్లాసు తీసుకెళ్లి, కాసేపాగి ఖాళీ గ్లాసుతో వచ్చేది.

ఈసారీ అవే మాటలు విన్నాను. మీ ఉత్తరాలు కూడా ఈయన ఎవరిచేతో రాయిస్తున్నాడనుకున్నాను. చెవులు, ఏడుపు అన్నీ అందుకే అడిగానక్కా, ఎక్కడో ఒకచోట మాట తప్పుతారని. కళ్ల దగ్గర ఆయన మాటకీ మీ మాటకీ పొంతన కుదరలేదు. ఇంక పాప లేదనుకుని పాలు పిండటం మానేశాను. మీరు రాసింది నిజంలాగే ఉందని ఒక పక్క అనిపించేది. నమ్మి మళ్లీ మోసపోవడానికి ధైర్యం చాల్లేదు.

అప్పుడు మీ ఆదివారం ఉత్తరం వచ్చింది. ఊపిరి మరిచిపోతోంది, ఏమవుతుందో తెలియదు అని రాశారు. చదివి పెద్దగా నవ్వేశాను. అత్తగారు హడలిపోయి నర్సుని పిలిచింది. పోయిన బిడ్డకి జబ్బు చేసిందని ఎవరు రాస్తారక్కా? అబద్ధమైతే బాగుందనే రాసేవారు.

ఆ సాయంత్రమే పాలకి కూర్చున్నాను. ముందు చుక్కలే పడ్డాయి, అత్తగారు సీసా పట్టుకుని పక్కనే కూర్చుంది. "అప్పుడు చెప్పడానికి నోరు రాలేదే" అంది. ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదలు.

పరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేదని వచ్చిందట. లైటు కూడా తీసేశారు. నాకు బీపీ తగ్గి పంపించారు. డాక్టరమ్మగారు ఇవాళ పాపని నా గుండెల మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, కదలొద్దన్నారు. మీరు చెప్పినట్టే నిమరలేదు, చేతులు ఊరికే ఉంచాను. నిజం చెప్తున్నా, మొదట కొత్తగానే ఉంది. ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు.

కాసేపటికి దానికి ఎక్కిళ్లు వచ్చాయి. చిన్నచిన్నవి, ఆగి ఆగి, నా పక్కటెముకల మీద. కడుపులో ఉండగా నేను వల బాగుచేసుకుంటూ కూర్చుంటే సరిగ్గా ఇలాగే కొట్టుకునేది. పాప గురించి అన్నీ మీరే చెప్పారు. ఇదొక్కటి నాకే తెలుసు.

తొందరగా రండి. మీకు చూపిస్తాను.

మీ చెల్లెలు
వీరవేణి