మోగితేనే మందు

ఏవండీ,

చెప్పులు విప్పకముందే ఫ్రిజ్ అలారం సంగతి చూడండి. వాకింగ్‌కి ఫోన్ ఇంట్లోనే వదిలేసి వెళ్ళారు, అందుకే ఈ చీటీ.

పాప ఇన్సులిన్ ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. దాటితే మోగాలనే కదా ఆ అలారం డబ్బా కొన్నాం. మీరేమో ఏం తినాలో ఫ్రిజ్జే చెబుతుందన్నట్టు తలుపు తీసి నిలబడతారు, అది మోగుతుంది. తలుపు వేస్తే పోయేదానికి, హద్దునే పద్దెనిమిదికి పెంచారు! పైగా పాస్‌వర్డ్ పెట్టారు, నేను మార్చలేకపోయాను. పొద్దున తలుపు సరిగ్గా పడక లోపల పదిహేనుకి చేరినా అది కిక్కురుమనలేదు.

ఆ మందు పారేశాను. కొత్తది కొని పక్కింటి అక్కయ్య ఫ్రిజ్‌లో పెట్టాను. హద్దు మళ్ళీ ఎనిమిది చెయ్యండి. తర్వాత లోపలున్న సెన్సర్‌ని తీసి గుప్పిట్లో పట్టుకోండి. చేతి వేడికి ఎనిమిది దాటగానే అది మోగితేనే మందు ఇంటికి తెండి. పాప బడి నుంచి వచ్చేలోపు అయిపోవాలి.

మోగితే నా ఫోన్‌కీ వస్తుంది. బస్సులో ఆ మోత వినేదాకా నాకు ఊపిరాడదు.

మీ టిఫిన్ బల్ల మీద పెట్టాను. ఫ్రిజ్‌ని అడగక్కర్లేదు.