ఖాళీ స్ట్రెచర్

చెల్లెమ్మకు,

ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, మన అంబులెన్సు అద్దానికి వేలాడే ప్లాస్టిక్ చిలుకకు ఊడిపోయిన తోకను డ్రైవరుగారు, అనగా నేనే, స్వహస్తాలతో అతికించడమైనది.

ఇక అసలు సంగతి. నువ్వు డ్యూటీకి రావడం మానేశావు. దానికి కారణం నేనే. ఆ రోజు పొద్దున నువ్వు ఆపకుండా ఛాతీ నొక్కుతూ ఉండగానే ఒకాయన దారిలో పోయాడు. మధ్యాహ్నం ముద్ద కూడా ముట్టకుండా బండి వెనక సీట్లోనే కునుకు తీశావు. ఊరికే ఉంటే నా సొమ్మేం పోయేది? "చెల్లెమ్మా, కేసు!" అని అరిచి సైరన్ మోగించాను. లేచి నాలుగు తిట్లు తిడతావనుకున్నాను.

నువ్వు కళ్లు సరిగ్గా తెరవకుండానే ఖాళీ స్ట్రెచర్ మీదికి వంగి, దిండును నొక్కడం మొదలుపెట్టావు. "అన్నా, తొందరగా పోనీ! ఈయన కూడా పోతాడు!" అని ఏడుస్తూ నొక్కావు. కిటికీ దగ్గర నిలబడ్డ పక్క బండి డ్రైవరు పగలబడి నవ్వాడు. అతన్ని చూసి నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు విని దిండు వదిలేసి, మా వైపు చూడకుండానే దిగి వెళ్లిపోయావు.

ఇన్నేళ్లుగా ముందు రోడ్డు చూశానే గాని, నా వెనక నువ్వేం పడుతున్నావో చూడలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. నన్ను వేరే బండికి మార్చమని పెద్దసారును అడిగాను. నువ్వు రా తల్లీ.

ఒక్క మాట. పక్క బండి డ్రైవరు నవ్వాడని రాశానే, అది పచ్చి అబద్ధం. ఆయన ఆ వేళ కేసు మీద వెళ్లాడు. నీకు వినబడిన నవ్వు నా ఒక్కడిదే.

మీ అన్న