బల్ల దగ్గరికి రాని షారోన్

నిజామాబాద్, 3-2-2025.

చి. జయరాజ్‌కు, మేము క్షేమం. ఫోన్‌లో నువ్వు మాట దాటవేస్తావు కనుక కార్డు రాస్తున్నాను.

నిన్న చర్చిలో ప్రభువు బల్ల. అందరూ మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నారు. నా దగ్గరుంటున్న నీ కూతురు షారోన్ మాత్రం తలుపు పక్క బెంచీ నుంచి లేవలేదు. "ఏం తప్పు జేసిందో పోరి, బల్ల ముడుతలేదు" అని నా వెనక కూర్చున్న ఎస్తర్ నాకు వినబడేలా అంది. నేనూ అదే అనుమానించాను. ఇంటికి రాగానే నిలదీశాను.

"తప్పేం జెయ్యలే అవ్వా. మోకాళ్ల మీద కూసోని లేస్తే మూత్రం ఆగుతలేదు. గందుకే పొద్దుగాల్నుంచి నీళ్లు గూడ తాగలే" అంది.

దానికున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ కాళ్లకే పరిమితం అనుకున్నాను. ఇదీ ఆ నరాల జబ్బు వల్లనేనని, నీళ్లు మానితే ఇన్ఫెక్షన్ వస్తుందని డాక్టరు నీ ముందే చెప్పాడట. పోయిన నెల దానికి జ్వరం అందుకే వచ్చిందని నాకిప్పుడు అనుమానం. నాకు చెప్పవద్దన్నది నువ్వా, కోడలా?

షారోన్ చదివి సరే అన్నాకే ఈ కార్డు పోస్టులో వేస్తున్నాను. పిల్లలకు దీవెనలు.

మీ అమ్మ

ఇక జరగవలసినవి:

1. చెరకు కోత సాకు చెప్పకుండా ఈ వారమే వచ్చి, మాతో డాక్టరు దగ్గరికి రావాలి.
2. బాత్రూములో పట్టుకుని లేవడానికి కమ్మీ బిగించాలి. మేస్త్రీని నువ్వే తేవాలి.
3. షారోన్ నా ఎదుటే నీళ్లు తాగుతుంది. గ్లాసు పూల కుండీలో పోస్తుందేమో చూస్తాను.
4. వచ్చే నెల షారోన్ మోకరించకుండా, నిలబడే ప్రభువు బల్ల తీసుకుంటుంది. పాస్టరుతో మాట్లాడాను. పక్కన నేనూ నిలబడతాను. ఇక ఎస్తర్ మా ఇద్దరినీ కలిపే అనుమానించవచ్చు.