బోదగడ్డి ఎండిన ఏడు

వెల్దుర్తి,
20-2-1984

ఏసోబు బావకు వందనాలు.

నిరుడు వానలు బాగా పడితే అడవికి మంచిదే అనుకున్నాం. ఆ వానలకు పెరిగిన బోదగడ్డి ఇప్పుడు నడుమెత్తున ఎండి నిలబడింది. ఈ వేసవిలో మంటలు ఎక్కువగా ఉంటాయని మా ఫారెస్టు గార్డు అంటున్నాడు. అందుకే మంట దాటకుండా కొండ చుట్టూ గడ్డి కోయించి, ఆకు ఊడిపించి బాట తీయిస్తున్నారు. ఆ కూలీలకు నేను మేస్త్రీని.

ఏటా ఆ కొండకు నిప్పు ఎవరు పెడుతున్నారో గార్డుకు తెలియదు. "ఎవడో బీడీ పారేసుంటాడు" అంటాడు. కాలిన చోట లేత గడ్డి మొలుస్తుందనీ, అది నీ మేకలకు కావాలనీ నాకు తెలుసు. వద్దని పోయినేడు చెబితే "అడివి నీ అబ్బ సొత్తేందిరా" అన్నావు. ఈసారి వద్దని చెప్పను.

పత్తి తీతకు పోతున్నానని అక్క నీతో చెప్పింది. పత్తి తీతలు ఎప్పుడో అయిపోయాయి. నువ్వు మందతో కొండ అవతల ఉన్నావు కాబట్టి నీకు తెలియలేదు. "ఫారెస్టోళ్ళ కూలికి పోతున్నానని మీ బావకు చెప్పొద్దురా, చానా గోల చేస్తాడు" అంది నాతో. రోజూ ఆ కొండవాలులోనే ఆకు ఊడుస్తోంది. వంగితే గడ్డిలో మనిషి కనపడదు.

కాబట్టి అగ్గిపుల్ల గీసే ముందు కొండ వైపు తిరిగి ఒక్క కేక వెయ్యి. నీ గొంతు అక్క గుర్తుపడుతుంది.

ఇట్లు,
నీ బావమరిది