దారికి అడ్డంపడ్డ ఓక్ చెట్టు

చెల్లీ మ్యూరియల్,

నేను కులాసాగా ఉన్నాను. చుట్టూ అడవి, మధ్యలో ఒంటరిదాన్నని బెంగపెట్టుకోకు.

మంగళవారం గాలివానకు పెద్ద ఓక్ చెట్టొకటి ఊరికున్న ఒక్క దారికీ అడ్డంగా పడింది. మా పక్కింటి టెస్సాకు అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు చెట్టుకు అవతలే ఆగిపోయింది. ఇది రక్షిత అడవి కదా, పడిపోయిన చెట్టునైనా అనుమతి లేనిదే కొయ్యకూడదు. పొయ్యిలోకి నాలుగు ఎండుపుల్లలు ఏరుకున్నందుకే అడవి కాపలాదారు పార్గిటర్ నన్ను వీధిలో నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. అందుకే రంపాలతో వచ్చినవాళ్లంతా ఆయన మొహం చూస్తూ నిలబడ్డారు.

"ఏంటలా చూస్తారు? ఆ పిల్ల అక్కడ అల్లాడుతుంటే మీకు కాగితం కావాలా? ఇటివ్వండి," అని రంపం లాక్కుని ఆయనే మొదటి కోత కోశాడు.

"అయితే రేపు నీ మీద నువ్వే ఫిర్యాదు చేసుకోవాలి," అన్నాడు టెస్సా మామగారు.

"చేసుకుంటాలే. ముందు నువ్వు ఆ చివర గట్టిగా పట్టు."

దారి తెరుచుకుని అంబులెన్సు వచ్చింది, సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నిన్న చూడటానికొచ్చిన పార్గిటర్, బిడ్డను ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మొరటు చేతులమ్మా ఇవి," అన్నాడు. టెస్సా వినకుండా ఆయన ఒళ్లో పడుకోబెట్టింది. పిల్ల నిద్రలేచేదాకా ఆయన కదల్లేదు, టీ కూడా తాగలేదు.

తెల్ల ఊలు రెండు ఉండలు పంపు. మీ వంటింటి గోడ చెమ్మ తగ్గిందా? మరిదిగారి దగ్గు ఎలా ఉంది?

లీడ్స్ వచ్చి మీతో ఉండమన్నావు. ఈ చలికాలం కుదరదమ్మా, టెస్సా లేచి తిరిగేదాకా నేనే వండిపెడతానన్నాను. పిల్లలకు నా ముద్దులు.

మీ అక్క,
హెస్టర్